డ్రైవరు పక్కన పెట్టిన సంచి

యూరప్ వెళ్ళొచ్చినవాడు ఏం చెప్పినా సంతోషంగానే చెప్పాలని మన దగ్గర ఓ ఆచారం ఉన్నట్టుంది. పెడన సెంటర్లో టీ తాగుతున్నా, బందరు కోర్టు వీధిలో ఎవరైనా ఎదురైనా ఒకటే ప్రశ్న. "అక్కడ బస్సులూ ట్రాములూ నిమిషం తేడా లేకుండా వస్తాయటగా అండీ?" వస్తాయి. నిమిషం తేడా లేకుండా వస్తాయి, అలాగే వెళ్ళిపోతాయి కూడా. ఆ వెళ్ళిపోవడం గురించే నేను రాయబోతున్నాను. వెళ్ళనివాళ్ళు చదివి నా పొరపాటు చెయ్యకుండా ఉంటారన్నది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం ఏమిటంటే, ఆర్నెల్లుగా దీన్ని ఎవరికీ పూర్తిగా చెప్పకుండా మోస్తున్నాను. ఇక నావల్ల కావడం లేదు.

నాది అద్దకం పని. మా నాన్న హయాం నుంచీ పెడనలో అదే మా బతుకు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, చెక్క అచ్చులతో పువ్వులూ తీగలూ అద్ది, రంగులో ఉడకబెట్టి, పారే కాలవలో ఉతుకుతాం. మూడొందల ఏళ్ళ కిందట డచ్చివాళ్ళు ఇలాంటి గుడ్డల్నే బందరు రేవులో ఓడలకెక్కించి పట్టుకెళ్ళారట. ఆ పాత గుడ్డల్ని ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రదర్శనకి పెడుతూ, వాటి పక్కన నిలబడి అద్ది చూపించడానికి ఇప్పటివాడొకడు కావాలన్నారు. మా దగ్గర సరుకు కొనే హైదరాబాదు వ్యాపారి నా పేరు చెప్పాడు. టిక్కెట్టు వాళ్ళదే, గది వాళ్ళదే, పది రోజులు. యూరో నోట్లు ఇంకా రాలేదు, వాళ్ళ నోట్లు గిల్డర్లే నడుస్తున్నాయి.

తామరతూడు

"మీ ప్రాంతపు పాత డిజైను ఒకటి తీసుకురండి" అని వాళ్ళ ఉత్తరంలో ఉంది. పాతదంటే నాకు గుర్తొచ్చింది ఒక్కటే, వీరాచారి మావయ్య చెక్కిన తామరతూడు.

ఆయన నాకు చుట్టం కాదు. అచ్చులు చెక్కే ఆచారి. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు, అంచేత నాకు మావయ్య. డెబ్బై దాటాయి. పెళ్ళయిన కొత్తలో, దివిసీమలో అత్తవారి ఊళ్ళో ఉన్నప్పుడు, టేకు చెక్కల మీద దాని తాలూకు అచ్చులు ఏడూ చెక్కాడు. గీతకి ఒకటి, ఎరుపుకి ఒకటి, నలుపుకి ఒకటి, అలా ఏడూ ఒకదాని మీద ఒకటి పడితేనే బొమ్మ. ఒక తామరతూడు మెలికలు తిరుగుతూ సాగిపోతుంది, మధ్యలో మొగ్గలు. ఎన్ని గజాలు అద్దినా అచ్చు ఎక్కడ ముగిసి మళ్ళీ ఎక్కడ మొదలైందో కనిపెట్టలేం. ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, అలా అతుకు దాచినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు.

డెబ్బై ఏడు ఉప్పెనలో మావయ్య ఇల్లు పోయింది, భార్య పోయింది. అచ్చుల పెట్టె మాత్రం తేలుతూ వెళ్ళి రెండు పొలాల అవతల తుమ్మచెట్టుకి తగులుకుంది. ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని పెడన వచ్చేశాడు. తరవాత ఎన్నో అచ్చులు చెక్కి అందరికీ అమ్మాడు గానీ ఆ ఏడూ అమ్మలేదు. వాడుకోవడానికి ఇచ్చి, పనవగానే వెనక్కి తీసుకునేవాడు. ఐదేళ్ళ కిందట నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. అంటే ఆ ఏడూ పోతే మళ్ళీ చెక్కేవాడు లేడు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే అడగడానికి వెళ్ళాను.

"విమానంలోనా?" అన్నాడు మావయ్య.

"అవును మావయ్యా."

"అది పడిపోతే?"

"పడదులే మావయ్యా."

"పడితే నువ్వే ఉండవు, నిన్నేం అడుగుతాను? సరే, ఉప్పెనకే పోనివి. ఏడూ తీసుకెళ్ళు, ఏడూ తీసుకురా. ఎవరికీ చేబదులివ్వకు."

ఆయన కోడలు వాటిని పాత గళ్ళ లుంగీలో చుట్టి ఇచ్చింది. గోనెసంచిలో పెట్టి మూతి తాడుతో కట్టాను. మామూలు మామిడిపిందె అచ్చులు నాలుగు నావి పెట్టెలో వేసుకున్నాను. వాళ్ళకివ్వడానికి బందరు లడ్డూ రెండు కిలోలు, నాకోసం ఆవకాయ.

తెరుచుకోని తలుపు

ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగగానే కాలవలు చూసి ప్రాణం లేచొచ్చింది. ఊరంతా కాలవలే, గట్ల మీదే ఇళ్ళు. కాసేపయ్యాక దిగులేసింది. ఒక్కరూ గుడ్డ ఉతకరు, ఒక్క గేదె దిగదు, నీళ్ళు కదిలినట్టే ఉండవు. ప్రదర్శన తాలూకు ఒకావిడ, ఊరు సముద్రమట్టానికి కిందే ఉందనీ, గట్లు కట్టి, తలుపులు వేసి సముద్రాన్ని ఆపారనీ చెప్పింది. మామూలుగా, మనం ఇంటికి ప్రహరీ కట్టించామని చెప్పినట్టు చెప్పింది. నాకు దివిసీమ గుర్తొచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆవిడ మీదైతే కాదు.

అక్కడ రోడ్డు మధ్య పట్టాలు, పట్టాల మీద ట్రాములు. రెండు మూడు బస్సులు ఒకదానికొకటి తగిలించినంత పొడుగు. నా గది నుంచి ప్రదర్శనశాలకి ట్రాములోనే వెళ్ళాలి. మొదటి రోజు ఊరికే దారి చూసుకుందామని బయల్దేరాను. ట్రాము వచ్చి నా ముందే ఆగింది. తలుపు తీస్తారని నిలబడ్డాను. తియ్యలేదు. గంట కొట్టి వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. మనిషి నిలబడి ఉంటే ఎక్కడానికి కాకపోతే దేనికనుకుంటారు? మూడోది వచ్చినప్పుడు కుక్కని పట్టుకుని నిలబడ్డ ఓ ముసలావిడ చేతికర్రతో తలుపు పక్కన బొత్తాం నొక్కింది. తలుపు తెరుచుకుంది. కుక్క నాకంటే ముందెక్కి సీటు కింద సర్దుకుంది. దానికి తెలిసిన విద్య నాకు తెలియలేదు.

ఆ ట్రాము వెనకభాగంలో చిన్న గదిలాంటి దాంట్లో కండక్టరు కూర్చుని ఉన్నాడు. అక్కడ టిక్కెట్టంటే గళ్ళు గళ్ళుగా ఉన్న పొడుగాటి చీటీ, దుకాణంలో ముందే కొనుక్కోవాలి. ప్రయాణం చేసినప్పుడల్లా దాని మీద ముద్ర పడాలి. నా చీటీ చాపితే ఆయన ముద్ర కొట్టి ఇచ్చాడు. హమ్మయ్య, ఇక్కడా కండక్టరున్నాడు అనుకున్నాను. కొన్ని ట్రాముల్లోనే ఉంటాడనీ, లేనివాటిలో మనమే చీటీ మడిచి పసుప్పచ్చ పెట్టెలో దూర్చి ముద్ర వేసుకోవాలనీ నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

దిగినచోట బండి మీద చేపలమ్ముతున్నారు. బందరు వైపువాణ్ణి, చేపంటే ఆగలేను. వేయిస్తాడేమోనని చూశాను. ఉప్పులో ఊరేసిన పచ్చిచేప మీద ఉల్లిపాయ ముక్కలు చల్లి చేతికిచ్చాడు. పక్కనున్నాయన తోక పట్టుకుని, తల పైకెత్తి నోట్లోకి దింపేసుకుంటున్నాడు. నేను రెండు ముక్కలు మింగి మిగతాది కాగితంలో చుట్టేశాను. మూడు గిల్డర్లు. మన అరవై రూపాయలు. గదికొచ్చి రొట్టెకి ఆవకాయ రాసుకుని తిన్నాను.

రెండో రోజు, పదో నంబరు

ఇక్కడ మన బస్సుల సంగతి కొంచెం చెప్పాలి. మనవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, చెబితేనే నా తప్పు అర్థమవుతుంది. బందరు నుంచి గుడివాడ వెళ్ళే బస్సులో బరువు సామానుంటే డ్రైవరు పక్కన, ఇంజను బానెట్ మీద పెడతాం. పాలక్యాన్లు, అరటిగెలలు, పెళ్ళివారి స్వీట్ల డబ్బాలు అన్నీ అక్కడే. ముందు సీట్లు ఆడవాళ్ళవి గనక మగవాడు సామాను అక్కడ పెట్టి వెనక్కి వెళ్ళిపోతాడు. డ్రైవరు చూస్తుండగా పెట్టామంటే బీరువాలో పెట్టినట్టే. ఒకసారి నేను గుడ్లవల్లేరులో దిగుతూ గుడ్డల మూట మర్చిపోతే, ఆ డ్రైవరు తిరుగు ట్రిప్పులో బస్సాపి అందించాడు. "ఏంటండీ, ఇంట్లోవాళ్ళని కూడా ఇలాగే మర్చిపోతారా?" అని నలుగురిలో నవ్వించాడు కూడా.

రెండో రోజు పొద్దున వాన. ప్రదర్శనశాలకి అచ్చులు పట్టుకెళ్ళాలి. పదో నంబరు ట్రాము ముందు తలుపు దగ్గర బొత్తాం నొక్కి ఎక్కాను. నొక్కడం వచ్చేసిందని గర్వం కూడా వచ్చింది. డ్రైవరు అద్దాల గదిలో ఉన్నాడు, ఎర్రటి గడ్డం. ఆ గది గోడకి ఆనించి గోనెసంచి పెట్టాను. ఆయన నావైపు చూశాడు. నమస్కారం పెట్టాను. తలూపాడు. నాకు నిశ్చింత కలిగింది. ముందు సీట్లలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. నేను వెనక్కి నడిచి, చిట్టచివర కిటికీ పక్కన కూర్చుని, చీటీ చేత్తో పట్టుకుని కండక్టరు కోసం చూస్తున్నాను.

నాలుగు స్టాపులయ్యాక యూనిఫారాల్లో ముగ్గురెక్కారు. వచ్చారనుకుని నవ్వుతూ చీటీ చాపాను. వాళ్ళు చెకింగువాళ్ళు. చీటీ మీద ఆ రోజు ముద్ర లేదు. నా ఇంగ్లీషు నాలుగు ముక్కలు, అవి కూడా ఆ నిమిషంలో నాకు అందలేదు. వాళ్ళలో పొడుగ్గా ఉన్న కుర్రాయన మర్యాదగా, దిగమని చెయ్యి చూపించాడు. దిగాను.

నిశ్చింతగా దిగాను. ఎందుకంటే మన దగ్గర చెకింగువాళ్ళు పట్టుకుంటే ఆ గొడవ తేలేదాకా బస్సు కదలదు. జనం విసుక్కుంటారు, డ్రైవరు దిగి బీడీ కాల్చుకుంటాడు, కానీ బస్సు ఉంటుంది. నా ప్రాణమంతా ఆ ట్రాములో ఉండగా, అది నన్ను వదిలి వెళ్తుందని నాకు ఊహకి కూడా రాలేదు. వెనక గంట మోగింది. తలుపులు మూసుకున్నాయి.

పరిగెత్తాను. "ఆపండి! ఆపండి! నా సంచి!" అని తెలుగులో అరుస్తూ పరిగెత్తాను. పారిపోతున్నాననుకుని ఇద్దరు నా చేతులు పట్టుకున్నారు. ట్రాము వంతెనెక్కి కాలవ దాటి మలుపు తిరిగింది. నడిరోడ్డు మీద, వానలో, నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, పట్టాల మధ్య కూలబడి ఏడ్చాను.

"క్యా హువా బాబా?" అని ఎవరో ఆడమనిషి గొంతు. తలెత్తితే మన రాజమండ్రిలోనో ఏలూరులోనో కనపడేలాంటి మనిషి. చామనఛాయ, నెరుస్తున్న జుట్టు, పొడుగు కోటు, చేతిలో కూరగాయల సంచి. పేరు శాంతి. వాళ్ళ ముత్తవ్వని చెరుకుతోటల్లో కూలికి కలకత్తా నుంచి ఓడలో అప్పట్లో డచ్చివాళ్ళదైన సురినాం దేశం తీసుకెళ్ళారట. అక్కడి నుంచి వీళ్ళు ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. ఒక బళ్ళో వంట చేస్తుంది. ఆవిడ హిందీ పాతకాలపు పల్లెటూరి హిందీ, నాది సినిమా హిందీ. ఎలాగో అర్థం చేసుకున్నాం.

ఆవిడ ఆ పొడుగు కుర్రాయనతో వాళ్ళ భాషలో పోట్లాడింది. ఆయన నాకు జరిమానా కాగితం రాస్తూనే రేడియోలో ఎవరితోనో మాట్లాడాడు. కాసేపటికి సమాధానం వచ్చింది. ట్రాము లైను చివరికి చేరింది. డ్రైవరు గది దగ్గర సంచి ఏదీ లేదు.

"అక్కడెందుకు పెట్టావు?" అంది శాంతి.

"డ్రైవరు ఉన్నాడుగా."

"డ్రైవరు ట్రాము నడుపుతాడు. నీ సంచికీ ఆయనకీ ఏమిటి?"

"నేను నమస్కారం కూడా పెట్టాను."

ఆవిడ నావైపు అదోలా చూసింది. తరవాత గొడుగు నా మీదకి జరిపింది.

పోయిన సామాన్ల ఆఫీసు

మర్నాటి నుంచి మూడు రోజులు నా యాత్ర అంతా ట్రాముల్లోనే. జనం డబ్బు పోసి చూసే మ్యూజియాలు, పూలబజారు ఏవీ చూడలేదు. చూశాననిపించుకోవడానికి కూడా మనసు రాలేదు.

ట్రాముల్లో మర్చిపోయిన వస్తువులకి ప్రత్యేకంగా ఒక ఆఫీసుంది. శాంతి బడి అయ్యాక నన్ను తీసుకెళ్ళింది. బల్ల వెనక కళ్ళద్దాలాయన ఓ ఫారం ఇచ్చాడు. ట్రాము పెట్టె నంబరెంత? ఏ స్టాపులో ఎన్ని గంటలా ఎన్ని నిమిషాలకి ఎక్కావు? ఏ స్టాపులో దిగావు? ఒక్కదానికీ జవాబు తెలియదు. ఎర్రగడ్డం డ్రైవరన్నాను. శాంతి అది ఆయనకి చెప్పడానికే సిగ్గుపడింది. మన దగ్గరైతే "పొద్దున ఎనిమిది గుడివాడ బస్సు, బట్టతలాయన" అంటే చాలు, పేరూ ఊరూ, ఆయన అల్లుడేం చేస్తాడో కూడా చెప్పేస్తారు.

వస్తువు ఏమిటని అడిగాడు. చెక్కలని చెప్పింది శాంతి. విలువెంత? ఏడూ పడితేనే బొమ్మ అన్నాను. చివరికి ఆయన ఆ గడిలో అడ్డగీత గీశాడు.

లోపలికి రానిచ్చి చూపించాడు. నిజం చెప్పాలి, మంచివాడే. అరల నిండా గొడుగులు. జత లేని చేతితొడుగులు. పిల్లల బళ్ళు. చంకకర్ర ఒకటి, దాన్ని మర్చిపోయిన మనిషి ఎలా నడిచి వెళ్ళాడో. ఒక అరలో పళ్ళసెట్టు. ఇన్ని వేల వస్తువుల్ని దొరికినచోటు రాసి, చీటీ కట్టి, పువ్వుల్లా దాచిపెట్టారు. నా ఏడు చెక్కలు మాత్రం లేవు. మర్నాడు వెళ్ళాను, లేవు. ఆ మర్నాడు నేను లోపలికి అడుగుపెట్టకుండానే అద్దంలోంచి చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆ సాయంత్రం శాంతి వాళ్ళింటికి తీసుకెళ్ళి రొట్టె పెట్టింది. లోపల పప్పు కూరిన మెత్తటి రొట్టె, బంగాళాదుంప కూర, కారమైన పచ్చడి. ఊరు వదిలాక ఇదే వేడి తిండి. ఒక ముక్క తుంచి పళ్ళెంలోనే ఉంచాను.

"మీ ఊళ్ళో నేనొచ్చి బస్సెక్కితే, నా సామాను కూడా డ్రైవరు చూస్తాడా?" అని అడిగింది.

"చూస్తాడమ్మా. నువ్వెవరని కూడా అడగడు."

"మా ముత్తవ్వ అలాగే అనుకునే ఓడెక్కి ఉంటుంది" అంది శాంతి, గిన్నె నావైపు తోస్తూ. "తిను. అన్నం మీద అలగకూడదు."

లైను చివర

సంచి పోయిన నాలుగో రోజు నాకో ఆలోచన వచ్చింది. డ్రైవరు దొరికితే చాలు. పదో నంబరు లైను చివర దిగి, బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి ట్రాములోకీ తొంగిచూశాను. చీటీ మీద ముద్ర నేనే వేసుకుంటున్నాను ఇప్పుడు, తప్పులేకుండా. చలికి చెవులు పడిపోయాయి. శాంతి బడి అయ్యాక వచ్చి కూర్చుంది. సాయంత్రమవుతుండగా ఎర్రగడ్డం కనిపించింది.

ఒక్క ఉదుటున లేచి వెళ్ళి, చెయ్యి పట్టుకున్నాను. మనిషి బిత్తరపోయాడు. శాంతి చెప్పసాగింది. ఆయన ముఖం మెల్లిగా విచ్చుకుంది, నన్ను గుర్తుపట్టాడు. రెండు చేతులూ జోడించి చూపించి నవ్వాడు కూడా. తరవాత శాంతి చెప్పినది పూర్తిగా విని నవ్వు ఆపేశాడు.

"ఏమంటున్నాడు?"

"నువ్వు నమస్కారం పెట్టడం బాగా గుర్తుందట. ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పాడట, ఎవరో పెద్దమనిషి వాన పడుతున్నా మర్యాదగా పలకరించాడని. ఊరికే పలకరింపనుకున్నాడట."

"సంచి?"

"సంచి చూశాడట. నువ్వు దిగాక రెండు స్టాపుల తరవాత ఎవరో దాన్ని తీసుకుని దిగిపోయారట. వాళ్ళదేనేమో అనుకున్నాడట."

"మగా, ఆడా? ఎలా ఉంటాడు?"

శాంతి అడిగింది. రోడ్డు చూస్తున్నాను, మనుషుల్ని చూడలేదన్నాడు. ఆయన తప్పేమీ లేదు. అది నాకు తెలుసు. తెలిసినందుకే ఏడుపొచ్చింది, తిట్టుకోవడానికి కూడా మనిషి లేడు. ఎవడో సంచిలో ఏదో ఉందనుకుని పట్టుకెళ్ళి, తాడు విప్పి, నల్లగా మరకలు పట్టిన చెక్కలు చూసి ఏం చేసి ఉంటాడు? చలిదేశం. ఇళ్ళల్లో పొయ్యిలుంటాయి. నేను ఆ ఆలోచనని అక్కడికి ఆపాను.

డ్రైవరు తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసి నాకిచ్చాడు. గంట మోగగానే లేచి వెళ్ళిపోయాడు, టైమయింది.

అద్దం వెనక గుడ్డ

తరవాత రోజుల్లో పిలిచిన పని చేశాను. మామిడిపిందె అచ్చులతో అందరి ముందూ అద్దాను. ఇరవై ఏళ్ళ కిందట కూడా నేనంత చెడ్డగా అద్దలేదు. రంగు అంచు దాటింది, పిందె మీద పిందె ఎక్కింది. చూసేవాళ్ళకి తేడా తెలియలేదు. చప్పట్లు కొట్టారు, నా చేతుల్ని ఫోటో తీశారు. ఆ చప్పట్లు నాకు చెంపదెబ్బల్లా తగిలాయి.

పక్కనే అద్దం వెనక బందరు గుడ్డలు. ఎరుపు కొంచెం కూడా వెలవలేదు. ఎవరు అద్దారో పేరు లేదు. మూడొందల ఏళ్ళ కిందటి గుడ్డకి దీపం పెట్టి, చలీ వేడీ తగలకుండా కాపలా కాస్తున్నారు. ఇదే ఊళ్ళో నేను తెచ్చిన అచ్చులు ఒక్క పూట నిలవలేదు. ప్రదర్శన ఆవిడతో ఈ మాట అనాలనుకున్నాను. నా జరిమానా ఆవిడే కట్టేసిందని తెలిసి ఊరుకున్నాను. మా పెడనలో అద్దిన తామరతూడు గుడ్డ గజమున్నర నమూనాకి తెచ్చాను, దాన్ని గోడకి వేలాడదీశారు. వెళ్ళే రోజు అడిగి వెనక్కి తీసుకున్నాను.

శాంతి స్టాపు దాకా వచ్చి రొట్టెల పొట్లం ఇచ్చింది. వారం వారం ఆ ఆఫీసుకెళ్ళి అడుగుతానంది. అడిగింది కూడా. రెండు ఉత్తరాలు రాసింది, ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించి. రెండింట్లోనూ లేవనే.

పెడన

బందరు స్టేషన్లో దిగి, ఇంటికి వెళ్ళకుండా పెడన బస్సులో నేరుగా మావయ్య ఇంటికి వెళ్ళాను. ఇంటికి వెళ్తే మళ్ళీ ధైర్యం చాలదని తెలుసు. పెట్టె ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. "ఇక్కడ పెట్టండి మాస్టారూ, నేను చూస్తాగా" అని డ్రైవరు అన్నా ఇవ్వలేదు. ఆయన చిన్నబుచ్చుకున్నట్టున్నాడు.

మావయ్య వసారాలో మడతమంచం మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, "వచ్చావా, రా రా. కూర్చో. అమ్మాయ్, మీ అన్నయ్య వచ్చాడు, మంచినీళ్ళియ్యి" అన్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే కబుర్లు మొదలవుతాయి.

"మావయ్యా, అచ్చులు పోయాయి."

కోడలు గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. మావయ్య తల కొంచెం పక్కకి వంచాడు.

"ఏడూనా?"

"ఏడూ."

"విమానంలోనా?"

"కాదు. అక్కడ రోడ్డు మీద తిరిగే రైలుబండిలో. మన బస్సులాంటిదే."

"డ్రైవరు దగ్గర పెట్టలేదుట్రా?"

"పెట్టాను మావయ్యా. ఆయన చూస్తుండగానే పెట్టాను."

"మరి ఎలా పోతాయిరా?" అన్నాడు. కోపం కాదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. ఆయనకి చెప్పాలని చూశాను. చెకింగువాళ్ళూ, గంట మోగడం, వంతెన, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే అబద్ధం ఆడుతున్నట్టు అనిపించింది. పూర్తిగా విని మళ్ళీ అదే మాట అడిగాడు. "డ్రైవరు దగ్గరుంటే ఎలా పోతాయిరా?"

పెట్టె తెరిచి తామరతూడు గుడ్డ తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. ఇదైనా మిగిలింది కదా, దీన్ని చూసి ఇంకెవరిచేతైనా చెక్కిద్దామని దారిలో అనుకున్న మాటలు కూడా చెప్పాను.

మావయ్య గుడ్డ విప్పాడు. ఎడమచేత్తో సాగదీసి పట్టుకుని, కుడిచేతి వేళ్ళు అంచు నుంచి అంచుకి మెల్లిగా నడిపించాడు. మధ్యలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి వచ్చాడు. గోటితో ఓచోట గీకి చూశాడు.

"ఏ అచ్చురా ఇది?"

"తామరతూడే మావయ్యా."

ఇంకోసారి తడిమాడు. ఈసారి చాలాసేపు.

"రోజూ పొద్దున్నే పెట్టె తెరిచి ఏడూ ఓసారి తడిమి చూసుకునేవాణ్ణి. చెక్క మీదైతే వేలికి కనపడేదిరా" అన్నాడు. "గుడ్డ మీద ఏమీ లేదు."

నాలుగు మడతలు వేసి, నా చెయ్యి వెతుక్కుని, గుడ్డ నాకు ఇచ్చేశాడు.